రెండో పీఎల్‌సీ పెడితే లైను ఇక ఆగదా? మామిడి గుజ్జు ప్లాంటు, చిత్తూరు

గుజ్జులైన్_చిత్తూరు

అందరికీ నమస్తే. చిత్తూరు పక్కన ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంటేషన్ చూస్తాను. పేరుకి ఇంజినీరుని. ఎలక్ట్రీషియను, కంప్యూటర్లు, సీసీ కెమెరాలు, అప్పుడప్పుడు ఎండీ గారింట్లో వైఫై, అన్నీ నేనే.

మాకు సీజన్ అంటే జూన్, జులై. తోతాపురి ట్రాక్టర్లు గేటు బయట వరసకట్టి ఉంటాయి. లైను ఆగిందంటే లోపల మేనేజరు, బయట రైతు ఇద్దరూ నా మొహమే చూస్తారు.

సెటప్ చెప్తాను. అసెప్టిక్ లైను (క్రిములు చేరకుండా నింపేది), గంటకు 5 టన్నులు. గుజ్జుని 106 డిగ్రీలకు వేడిచేసి, హోల్డింగ్ ట్యూబులో కాసేపు ఆ వేడిమీదే నడిపించి, 40 లోపుకి చల్లార్చి బ్యాగులో నింపుతాం. ఒక్కో డ్రమ్ము 215 కిలోలు. హోల్డింగ్ ట్యూబు చివర ఒక పీటీ100, అంటే టెంపరేచరు సెన్సరు, ఉంది. అక్కడ 102 కంటే తగ్గిందా, డైవర్ట్ వాల్వు తిరిగి గుజ్జుని ఫిల్లర్‌కి పోనీకుండా బ్యాలెన్స్ ట్యాంకుకి వెనక్కి తోస్తుంది. ఇదంతా ఒక్క పీఎల్‌సీ (లైనుని నడిపించే చిన్న ఇండస్ట్రియల్ కంప్యూటరు) మీద నడుస్తుంది: సీమెన్స్ ఎస్7-1200, 1214 సీపీయూ. దాన్నుంచి మామూలు 8 పోర్టుల నెట్‌వర్క్ స్విచ్‌కి, స్విచ్ నుంచి కంట్రోల్ రూములో స్కాడా పీసీకి (లైను అంకెలు చూపించి, రికార్డు చేసే కంప్యూటరు) ఒక కేబుల్. అంతే.

పోయిన జులైలో ఒక రాత్రి ఉరుములు, మెరుపులు. కరెంటుని నమ్మలేక సాయంత్రం నుంచే జనరేటరు మీద నడుస్తున్నాం. రెండు దాటాక దగ్గర్లో ఎక్కడో పిడుగు పడింది. లైను ఆగలేదు, మోటార్లు తిరుగుతూనే ఉన్నాయి. స్క్రీను మీద 106.2. మా ఆపరేటరు పెద్దాయన, చాలా సీజన్లు చూసినవాడు, అయిదు నిమిషాలకోసారి చూసి రిజిస్టరులో 106.2 అని రాస్తూ పోయాడు. తరవాత నాతో అన్నమాట: "ఆ రోజు టెంపరేచరు బంగారంలా నిలబడిండాది సార్, సంతోషపడినా."

నిలబడక ఏం చేస్తుంది? స్విచ్ హ్యాంగ్ అయింది. స్క్రీను చివరిసారి వచ్చిన అంకె పట్టుకుని కూర్చుంది. 43 నిమిషాల తరవాత తడికట్టెలవల్ల బాయిలరు ప్రెషరు పడిపోయింది, వేడి తగ్గింది, పీఎల్‌సీ వాల్వు తిప్పేసింది. స్క్రీను మీద మాత్రం అదే 106.2, వాల్వు పచ్చగానే ఉంది. ఫిల్లర్ దగ్గర అబ్బాయి గుజ్జు రాలేదని బ్యాగు సరిచేసుకుంటా ఉన్నాడంట. ఇంకో 9 నిమిషాలకి బ్యాలెన్స్ ట్యాంకు పొంగింది. నేల కడిగే కుర్రాడు పరిగెత్తుకొచ్చి, "అన్నా, గుజ్జు కింద పార్తా ఉండాది" అంటే అప్పుడు తెలిసింది మాకు.

పొంగిన గుజ్జుతో పోలేదు. రికార్డు మొత్తం స్కాడా పీసీలోనే. ఆ 43 నిమిషాల్లో నింపిన 17 డ్రమ్ములకు టెంపరేచరు రికార్డు లేదు. కొనేవాళ్ళ క్వాలిటీ మనిషి లెక్కలో రికార్డు లేకపోతే ఉడకనట్టే. డ్రమ్ములు హోల్డ్‌లో పెట్టారు. రిజిస్టరు చూపిస్తే, "ఇన్నిసార్లు పాయింటు కూడా మారకుండా 106.2 ఎట్లా వస్తుందండీ?" అన్నాడు. నిజమే.

ఇప్పుడు ఎండీ 6 లక్షలు ఇస్తానన్నారు. ఒక సప్లయరు వచ్చి సీపీయూ తీసేసి ఎస్7-1500 రెడండెంట్ జత (ఒకటి పోతే రెండోది అందుకునే రెండు పీఎల్‌సీలు) పెట్టమన్నాడు, కొటేషన్ మా బడ్జెట్‌కి మూడింతలు. ఎండీ అడిగేది ఒకటే ప్రశ్న, "రెండు పెడితే ఇక ఆగదు కదా?" అవునని చెప్పడానికి నాకు నోరు రావట్లేదు. ఎందుకో సరిగ్గా చెప్పడమూ రావట్లేదు. మీరైతే ఏం చేస్తారు?

పాత_డీసీఎస్_తిరుపతి

బాబూ, ముందు ఒక్క మాట చెప్పు. ఆ రాత్రి చచ్చింది ఏది? స్విచ్. మరి రెండోది ఎందుకు కొంటున్నావు? పీఎల్‌సీని. ఆ రాత్రి నీ ఫ్యాక్టరీలో డ్యూటీ సరిగ్గా చేసింది అదొక్కటే కదయ్యా!

నేను థర్మల్ ప్లాంటులో 28 ఏళ్ళు కంట్రోల్ సిస్టమ్స్ చేసి రిటైరై తిరుపతిలో ఉంటున్నాను. నీకు ఒక చిన్న లెక్క. సెన్సరు, 24 వోల్టుల సప్లై, పీఎల్‌సీ, స్విచ్, పీసీ. ఐదూ ఒకే గొలుసులో ఉన్నాయి. ఒక్కొక్కటి నూటికి 99 పాళ్ళు పనిచేస్తుంది అనుకో, లెక్క కోసం. ఐదూ కలిపితే 95. ఇప్పుడు పీఎల్‌సీ ఒక్కదాన్ని జంట చేశావు, దానికి 99.99 వచ్చింది. మొత్తం గొలుసు? 96. నీ బడ్జెట్‌కి మూడింతలు పెట్టి కొన్నది ఆ ఒక్క పాలు. అసలు లెక్క దీనికన్నా అన్యాయంగా ఉంటుంది, ఎందుకంటే ఆ ఐదింట్లో అందరికన్నా గట్టిది పీఎల్‌సీనే.

ఆ 99.99 కూడా ఎప్పుడు వస్తుంది? రెండూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా చెడిపోతేనే. మా దగ్గర ఒకసారి రెండు యూపీఎస్‌లు, రెండు బ్యాటరీ బ్యాంకులు, గదులు కూడా వేరు. చూసిన ప్రతివాడూ భేష్ అన్నాడు. రెండింటికీ ఇన్‌పుట్ ఒకే ఎంసీబీ నుంచి. అది పడింది, రెండు బ్యాటరీలూ కలిసి ఖాళీ అయ్యాయి. జంట పెట్టామన్న ధీమాతో అటు ఎవరూ చూడలేదు.

శ్రీహరికోట మా తిరుపతి జిల్లాలోనే ఉంది కాబట్టి రాకెట్ సంగతి ఒకటి చెప్తాను, ఇది మనది కాదులే, యూరప్ వాళ్ళది. 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఏరియన్-5 మొదటిసారి లేచింది. దిశ చెప్పే యూనిట్లు రెండు, ఒకటి పనిలో, ఒకటి స్టాండ్‌బై. రెండింట్లోనూ అదే హార్డ్‌వేరు, అదే సాఫ్ట్‌వేరు, అదీ ఏరియన్-4 నుంచి తెచ్చి వాడింది. 64 బిట్ల అంకెని 16 బిట్లలో ఇరికించబోయి, పట్టక ముందు స్టాండ్‌బై పడిపోయింది. సెకనులో పదో వంతు కూడా కాకముందే రెండోదీ అదే లెక్క దగ్గర పడిపోయింది. రాకెట్ 40 సెకన్ల దాకా ఎగిరి పేలిపోయింది. స్టాండ్‌బై ఉంది, ఏం లాభం?

కాబట్టి కొటేషన్ పక్కన పెట్టి ఒక నోటుపుస్తకం తీసుకుని లైను వెంట నడువు. కనిపించిన ప్రతి వస్తువుకీ రెండు ప్రశ్నలు: ఇది చస్తే ఏమవుతుంది? చచ్చినట్టు నాకెవరు చెప్తారు? నీకు ఆ రాత్రి దెబ్బతగిలింది రెండో ప్రశ్న దగ్గర.

ఇంకోటి. డైవర్ట్ వాల్వుకి గాలి పోతే ఎటు తిరుగుతుంది?

గుజ్జులైన్_చిత్తూరు

సార్, స్ప్రింగు డైవర్ట్ వైపే తోస్తుంది. గాలి పోయినా, కాయిల్‌కి కరెంటు పోయినా గుజ్జు వెనక్కే. స్టీమ్ వాల్వు గాలి లేకపోతే మూసుకుంటుంది. అది మాత్రం మెషీన్ చేసినవాళ్ళు సరిగ్గానే పెట్టారు.

పాత_డీసీఎస్_తిరుపతి

అయితే నీకు సగం పని అయిపోయినట్టే. గాలి పోయినా, కరెంటు పోయినా చెడ్డ గుజ్జు బ్యాగులోకి పోదు. మిగిలింది లైను ఆగకుండా చూసుకోవడం, రికార్డు పోకుండా చూసుకోవడం. ఈ రెండూ వేరు వేరు పనులు, కలిపి ఆలోచించకు.

శ్రీసిటీ_నెట్‌వర్క్

అన్నా, నేను శ్రీసిటీలో ఒక ప్లాంటులో ఇండస్ట్రియల్ నెట్‌వర్క్ చూస్తాను. ఆ 106.2 చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. మా దగ్గర కొత్తగా చేరినవాళ్ళకి నేను మొదటిరోజు చూపించేది ఇదే: కేబుల్ పీకేసి స్క్రీను వైపు చూడమంటాను. అంకెలు అలాగే ఉంటే ఆ స్క్రీనుని నమ్మొద్దని.

రూపాయి ఖర్చులేని పని ముందు చేయండి. పీఎల్‌సీలో సెకనుకి ఒకటి పెరిగే కౌంటర్ పెట్టండి. స్కాడా దాన్ని చదువుతూ ఉండాలి. 5 సెకన్లు అంకె మారకపోతే పేజీలో విలువలన్నీ బూడిదరంగులోకి మారి అడ్డంగా గీత పడాలి, హూటర్ మోగాలి. చాలా స్కాడాల్లో ప్రతి ట్యాగ్‌తో (విలువతో) పాటు దాన్ని నమ్మొచ్చా లేదా అని చెప్పే క్వాలిటీ గుర్తు కూడా వస్తుంది, దాన్ని స్క్రీను మీద చూపించే ఓపిక ఎవరికీ ఉండదు. తిరుగు దారిలో కూడా పెట్టండి: స్కాడా ఒక బిట్‌ని మారుస్తూ ఉండాలి, అది ఆగితే పీఎల్‌సీ తన సొంత అవుట్‌పుట్ నుంచి లైను దగ్గర దీపం వెలిగించాలి. కళ్ళు పోయినట్టు కళ్ళే చెప్పలేవు కదా.

తరవాత స్విచ్‌లు. మేనేజ్డ్ స్విచ్‌లు (సెట్టింగులు పెట్టుకోగలిగేవి) మూడు తీసుకుని రింగ్ వేయండి. ప్రొఫినెట్‌లో (ఈ పీఎల్‌సీలు వాడే నెట్‌వర్క్ పద్ధతి) ఎంఆర్‌పీ అని ఉంటుంది, 50 పరికరాల వరకు రింగ్ ఎక్కడ తెగినా 200 మిల్లీసెకన్లలోపు రెండో దారి తెరుచుకుంటుంది. మీ స్క్రీనుకి ఈ వేగం అవసరానికి మించే. అసలు గ్యాప్ లేకుండా రెండు దారుల్లోనూ ఒకేసారి పంపే పీఆర్‌పీ కూడా ఉంది, అది సబ్‌స్టేషన్లకి, మీకు అక్కర్లేదు. ఒక్కటి మాత్రం మర్చిపోకండి, ఇప్పుడున్న మామూలు స్విచ్‌లతో రింగ్ వేయొద్దు. ప్యాకెట్లు సుడిగుండంలా తిరిగి తిరిగి నెట్‌వర్క్ మొత్తం పడిపోతుంది. మంచి చేద్దామనుకుని ఇలా చేసినవాళ్ళని నేను కళ్ళారా చూశాను.

ప్యానెల్ నుంచి కంట్రోల్ రూముకి కేబుల్ ఆరుబయట పోతోందా? పోతుంటే రాగి తీసేసి ఫైబర్ వేయండి. పిడుగుకి అది దారి ఇవ్వదు. రెండు ఫైబర్లు వేస్తే రెండూ ఒకే ట్రేలో వేయకండి, ఫోర్క్‌లిఫ్ట్ ఒక్క గుద్దుతో రెండూ పోతాయి.

మీది 1214 కాబట్టి ఒకటే పోర్టు. 1215 కొంటే రెండు ఉంటాయి గానీ అవి లోపల ఒకే స్విచ్‌కి వెళ్తాయి, రెండు నెట్‌వర్కులు అనుకోకండి. అంటే పీఎల్‌సీ నుంచి మొదటి స్విచ్ దాకా ఒక ముక్క ఒంటరిగానే మిగులుతుంది. దాన్ని ఒప్పుకుని, లైను పక్కన చిన్న హెచ్ఎంఐ ప్యానెల్ (ఆపరేటరు స్క్రీను) ఒకటి అదే స్విచ్‌కి పెట్టుకోండి. పీసీ పోయినా ఆపరేటరుకి కళ్ళుంటాయి.

పాలసెంటర్_పలమనేరు

అన్నా, మాది పాల చిల్లింగ్ సెంటర్, మీ అంత బడ్జెట్ లేదు, అందుకే కొంచెం తెలివొచ్చింది 😀

రికార్డు కోసమైతే పేపర్‌లెస్ రికార్డర్ ఒకటి కొని దానికి సొంత సెన్సరు, సొంత సప్లై ఇవ్వు. పీఎల్‌సీతో, నెట్‌వర్క్‌తో దానికి చుట్టరికం ఉండకూడదు. ఆడిటర్ వస్తే దాని మెమరీ చూపిస్తాం, మాట్లాడకుండా పోతాడు. దానిమీద ఎస్7-1200లోనే డేటాలాగ్ ఉంది, మెమరీ కార్డు మీద సీఎస్‌వీ ఫైలు రాసుకుంటుంది. కార్డు లేకుండా లోపలి మెమరీలోకి సెకనుకోసారి రాయించొద్దు, ఆ ఫ్లాష్‌కి ఇన్నిసార్లే రాయాలని లెక్క ఉంటుంది. పది సెకన్లకోసారి కార్డులోకి చాలు.

పీఎల్‌సీకి స్పేరు: అదే ఆర్డర్ నంబరు సీపీయూ ఒకటి అల్మారాలో. ప్రోగ్రాంని మెమరీ కార్డులో పెట్టుకుంటే, చచ్చినదాంట్లోంచి కార్డు తీసి దీంట్లో గుచ్చితే ఐపీతో సహా లేస్తుంది. కొన్నరోజే ఫర్మ్‌వేర్ (సీపీయూ లోపలి సాఫ్ట్‌వేరు) కూడా సరిచూసుకో. నాకు పది పదిహేను నిమిషాల పని. మీకు ఎట్లాగూ లైను ఆగితే మళ్ళీ స్టెరిలైజ్ చేసుకోవాల కదా, ఆ టైములో అయిపోతుంది.

ప్యానెల్_బిల్డర్

మీరందరూ కలిసి రెడండెంట్ సీపీయూ అంటే దండగ అన్నట్టు మాట్లాడుతున్నారు. ఒప్పుకోను. ఆగితే గడ్డకట్టే గ్లాస్ ఫర్నేసు, ఆపితే మళ్ళీ వెలిగించడానికి రోజులు పట్టే కిల్ను, పెద్ద పవర్ ప్లాంటు, అలాంటిచోట నడుస్తుండగానే సీపీయూ మార్చాల్సి వస్తుంది. అక్కడ అది లేకుండా నేను ప్యానెల్ కట్టను.

కానీ ఈ లైనుకి ఆ కొటేషన్ ఎందుకు మూడింతలైందో చెప్తాను. 1500 రెడండెంట్‌లో ఆర్ రకమైనా హెచ్ రకమైనా, సీపీయూ పక్కన ఐఓ కార్డులు (సెన్సర్ల, వాల్వుల వైర్లు వచ్చేవి) తగిలించే వీల్లేదు. ఐఓ అంతా ప్రొఫినెట్ మీద విడిగా ఉండాలి. అంటే మీ 1200 పక్కనున్న కార్డులన్నీ పక్కన పడేసి, ప్యానెల్ మొత్తం కొత్తగా వైరింగ్. సీజన్ ముందు అంత పని పెట్టుకుంటే వచ్చే జులైలో ఏ ఫెరూల్ (వైరు చివర తొడుగు) ఎక్కడ తప్పు పడిందో వెతుక్కుంటూ ఉంటారు. 24 వోల్టులకు మాత్రం రెండు ఎస్‌ఎంపీఎస్‌లు (పవర్ సప్లైలు), మధ్యలో రెడండెన్సీ మాడ్యూల్ (ఒకటి పోతే రెండోది మోసేలా కలిపేది) పెట్టండి. నేను బాగుచేసిన ప్యానెళ్ళలో సీపీయూ చచ్చినవాటికన్నా సప్లై చచ్చినవి చాలా ఎక్కువ.

పాత_డీసీఎస్_తిరుపతి

ఈయన చెప్పింది నూరుపాళ్ళు. సప్లైల సంగతిలో ఒకటి చేర్చుకో. ప్రతి ఎస్‌ఎంపీఎస్ ఒక్కటే మొత్తం లోడు మోయగలగాలి. ఒకదానికి యూపీఎస్ నుంచి, ఇంకోదానికి వేరే ఫీడర్ నుంచి. మాడ్యూల్ మీద ఉండే అలారం కాంటాక్టుని పీఎల్‌సీ ఇన్‌పుట్‌కి తప్పకుండా తెచ్చుకో. అది చెయ్యకపోతే ఒకటి చచ్చి ఏడాదైనా నీకు తెలీదు, రెండోది చచ్చిన రోజు రెండూ ఒకేసారి పోయాయని అందరితో చెప్తావు.

గుజ్జులైన్_చిత్తూరు

అందరికీ థాంక్స్. నోటుపుస్తకం పట్టుకుని నడిచాను సార్. 31 వస్తువులు రాశాను. "నాకెవరు చెప్తారు" అనే గడిలో 19 చోట్ల "ఎవరూ చెప్పరు" అని వచ్చింది. కాస్త సిగ్గేసింది.

ఒక డౌటు. హోల్డింగ్ ట్యూబుకి రెండో పీటీ100 పెడదామనుకుంటున్నా. ఒకటి 106, ఇంకోటి 101 చూపిస్తే దేన్ని నమ్మాలి? మూడు పెట్టి ఓటింగ్ చెయ్యాలా?

పాత_డీసీఎస్_తిరుపతి

టర్బైన్ ట్రిప్పుకి మేము మూడు పెట్టి, రెండు ఒప్పుకుంటేనే ఆపేవాళ్ళం. అక్కడ ఊరికే ఆపినా నష్టమే, ఆపాల్సినప్పుడు ఆపకపోయినా నష్టమే. నీకు ఊరికే డైవర్ట్ అయితే ఏం పోతుంది? గుజ్జు ఇంకోసారి వేడవుతుంది, రంగు కొంచెం దిగుతుంది. పొరపాటున ముందుకి పోతే మాత్రం డ్రమ్ములు ఉబ్బుతాయి. కాబట్టి రెండు చాలు. ఏ ఒక్కటి 102 కిందికి వచ్చినా డైవర్ట్. రెండింటికీ ఒకటిన్నర డిగ్రీ తేడా పది సెకన్లు నిలిస్తే అలారం.

పీటీ100 వదులైతే ఎటు తప్పు చెప్తుందో తెలుసా? 0 దగ్గర 100 ఓములు, 100 డిగ్రీల దగ్గర 138.5. రెండు వైర్ల కనెక్షన్‌లో స్క్రూ వదులై ఒక్క ఓము పెరిగిందనుకో, రెండున్నర డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. అంటే చల్లటి గుజ్జుని వేడిగా ఉందంటుంది, నీకు పనికిరాని వైపు. మూడు వైర్లు వాడు, రెండింట్లో తక్కువది నమ్ము. ఒకే గొట్టంలో రెండు ఎలిమెంట్లు ఉన్న సెన్సరు చవకగా వస్తుందని తీసుకోకు. ఆ గొట్టం పగిలితే రెండూ కలిసి పోతాయి. వేరు వేరు పాకెట్లు.

గుజ్జులైన్_చిత్తూరు

మే నెల అప్‌డేట్. కాయ ఇంకా రాలేదు, అందుకే టైం దొరికింది.

పెట్టినవి: మూడు మేనేజ్డ్ స్విచ్‌ల రింగు, రెండు దారుల్లో ఫైబరు, రెండు ఎస్‌ఎంపీఎస్‌లు, రెండో పీటీ100, రికార్డర్, లైను పక్కన ప్యానెల్, అల్మారాలో సీపీయూ. 6 లక్షలు దాటలేదు.

నిన్న లైనులో నీళ్ళు తిప్పుతూ ఒక్కొక్కటి పీకాం. మొదటి ఎస్‌ఎంపీఎస్ ఆపితే లైను కదల్లేదు, అలారం వచ్చింది. ఫైబరు ఒకవైపు పీకితే స్క్రీను రెప్ప కూడా వెయ్యలేదు. హాయిగా ఉంది. తరవాత కంట్రోల్ రూము స్విచ్‌కి కరెంటు తీశాను. విలువలన్నీ బూడిదరంగులోకి పోయాయి, గీతలు పడ్డాయి, లైను దగ్గర దీపం వెలిగింది. హూటర్ మోగలేదు.

ప్రోగ్రాం చూశా, అవుట్‌పుట్ ఆన్‌లోనే ఉంది. రిలే కూడా పనిచేసింది. అరగంట తరవాత మా హెల్పర్ కుర్రాడు టేబుల్ కిందికి దూరి వైరు పట్టుకుని వచ్చాడు. హూటర్ ప్లగ్గూ, స్విచ్ అడాప్టరూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో. నేను ఆపింది ఆ బాక్సునే. అంటే స్విచ్ చచ్చినప్పుడు అరవాల్సిన హూటరు స్విచ్‌తో పాటే చస్తుంది. ఎవరు పెట్టారని అడగొద్దు, రెండేళ్ళ కింద నేనే పెట్టాను. ఇప్పుడు 24 వోల్టుల హూటర్ తెచ్చి పీఎల్‌సీ ప్యానెల్ సప్లై మీదే పెట్టాం.

స్పేరు సీపీయూ కూడా మొదటిసారి లేవలేదు, ఎర్ర లైటు. పాలసెంటర్ బ్రో చెప్పాడు, నేను చూడలేదు, పాత ఫర్మ్‌వేర్. అప్‌డేట్ చేశాక కార్డు మార్చి లేపడానికి 11 నిమిషాలు పట్టింది.

కౌంటర్‌ని స్క్రీను మూల చిన్న మామిడికాయ బొమ్మలా పెట్టాను, సెకనుకోసారి పచ్చ, పసుపు మారుతుంది. మా పెద్దాయన రిజిస్టరు రాసేముందు ఇప్పుడు ముందు దాన్ని చూస్తున్నాడు. నీళ్ళ ట్రయల్‌లోనే 105.8, 106.1, 105.9 అని రాసి నాకు చూపించాడు.

ఎండీ మళ్ళీ అదే అడిగారు. ఆగొచ్చు సార్, కానీ ఆగినట్టు తెలుస్తుంది అన్నాను. ఆయన మొహం చూస్తే పెద్దగా నచ్చినట్టు లేదు.

పాత_డీసీఎస్_తిరుపతి

బాగుంది బాబూ. ప్రోగ్రాం కాపీ ఎక్కడుంది?

గుజ్జులైన్_చిత్తూరు

నా ల్యాప్‌టాప్‌లో సార్.

పాత_డీసీఎస్_తిరుపతి

నువ్వు ఊళ్ళో లేని రోజు?

గుజ్జులైన్_చిత్తూరు

అర్థమైంది సార్. పెన్‌డ్రైవ్‌లో వేసి, పాస్‌వర్డ్ కాగితంతో పాటు కవర్‌లో పెట్టి క్వాలిటీ ల్యాబు బీరువాలో ఇచ్చేస్తా.

పాత_డీసీఎస్_తిరుపతి

కవర్ మీద తేదీ వెయ్యి.